నిండేదాకా ఆగిన పడవ

చిట్టితల్లి రాగ్నిల్డ్‌కు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ నేను క్షేమం, పిల్లి నాకంటే క్షేమం. బెర్గెన్ నుంచి మీ అమ్మ ఆదివారం ఫోన్ చేసింది, ఆవిడా బాగానే ఉంది. అంత ఉత్తరాన వార్డోలో నువ్వు వేళకు తింటున్నావని అనుకుంటాను.

ఫోన్‌లో నేను రెండు ముక్కల్లో తేల్చేస్తానని ఉత్తరమే రాయమన్నావు. రాస్తున్నాను. మోకాలి నొప్పి అలాగే ఉంది, కానీ మెట్లు ఎక్కనిస్తోంది. పడవకు రంగు ఏప్రిల్లో వేస్తాను. నీ ఎర్ర స్వెటరు దొరికింది. పిల్లి దానిమీదే పడుకుంటోంది కాబట్టి అది ఇక నీది కాదు.

ఇక తమ్ముడి కంప్యూటరు ఆట సంగతి. అది కాస్త పొడుగు.

ఈస్టర్‌కి వచ్చినప్పుడు ఐవిన్ చివరిగా కట్టిన ఊరిని ఒక్కసారి చూస్తాను నాన్నా అని రాశావు. వాడు చనిపోయిన ఫిబ్రవరిలో తుఫానుకు విమానాలు ఆగిపోయి నువ్వు రాలేకపోయావు. ఆ చూపు నీకెంత ముఖ్యమో నాకు తెలుసు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే కుర్చీలో ఇరుక్కుని కూర్చునేవారు. నువ్వు రైలు పట్టాలు వేస్తే వాడు రేవులు కట్టి పడవలు నడిపేవాడు. నువ్వు మానేశావు, వాడు మానలేదు. ముప్ఫై మూడేళ్ళు వచ్చినా అదే ఊరు, అదే సముద్రం. మంచం దిగలేని చివరి నెలల్లో కూడా కంప్యూటరు ఒళ్ళో పెట్టుకుని కడుతూనే ఉన్నాడు.

ఆ పాత కంప్యూటరు నవంబరులో పూర్తిగా మూలబడింది. అంతకుముందే ఆటనూ, వాడి ఊరున్న సేవ్ ఫైలునూ పెన్‌డ్రైవులోకి ఎక్కించాను కాబట్టి నిశ్చింతగా దాన్ని పాత సామాన్లలో ఇచ్చేశాను. ఇంట్లో మిగిలింది నువ్వు ఇచ్చి వెళ్ళిన మాక్ కంప్యూటరు. విండోస్ ఆట అందులో నడవదట. గురువారం లైబ్రరీలో కాఫీ దగ్గర ఆ మాట విసుక్కుంటూ అన్నాను. ఎదురుగా తూరిడ్ ఉంది, నీకు పియానో నేర్పలేక ఓడిపోయిన టీచరే.

"నడవకేం? పాతికేళ్ళ నాటి ఆటలు నా మాక్‌లో రోజూ ఆడుతున్నాగా!" అంది వాఫెల్ నములుతూ. "మధ్యలో ఓ ప్రోగ్రాము పెడతాం. అది మాక్ లోపల ఉత్తుత్తి విండోస్ ఒకటి కట్టి, నువ్వు నీ ఇంట్లోనే ఉన్నావే అని ఆటని నమ్మిస్తుంది. దాన్ని సీసా అంటాం."

"అంటే మోసమేగా?"

"జీవితమంతా చేపలకి ఎర వేసినవాడివి, నువ్వా మోసం గురించి మాట్లాడేది!"

మూడు వారాలు పట్టింది. మొదట నల్ల తెర, తర్వాత సగం తెర, తర్వాత ఊదారంగు సముద్రం. ఒక సోమవారం మధ్యాహ్నం, చేపల సూప్ పొయ్యిమీద ఉండగా, వాడి ఊరు తెరుచుకుంది. నేను ఏడ్చాను. దాచడమెందుకు.

మీరిద్దరూ కట్టినవన్నీ అలాగే ఉన్నాయి. నీ వంకర వంతెన కూడా. ఈశాన్య మూల, మ్యాపు అంచున, నేనెప్పుడూ చూడని ఒక దీవి ఉంది. ఒక ఇల్లు, ఒక రేవు. రేవుకు నీ పేరు పెట్టాడు. అక్కడ ఒక ఫెర్రీ ఆగి ఉంది, ఎంతసేపు చూసినా కదలదు. ముప్ఫై ఏడేళ్ళు ఫెర్రీ ఇంజన్లు బాగుచేసినవాణ్ణి కదా, ఇది కూడా చెడిందనుకున్నాను. నొక్కి చూస్తే వాడు దానికిచ్చిన ఆజ్ఞ కనిపించింది: నిండేదాకా ఆగు. ఒక్క ఇల్లున్న దీవిలో పడవ ఎప్పటికి నిండుతుంది? నేను ముట్టుకోలేదు. నువ్వొచ్చి నీ చేత్తో పంపాలని వదిలేశాను.

ఇక చెప్పాల్సింది చెబుతాను. రెండు వారాలుగా లోపలే దాచుకున్నాను. ఆ ఊరు ఇప్పుడు లేదమ్మా. నేనే పోగొట్టాను.

ఆట నడిచింది గానీ శబ్దం రాలేదు. నేను రిటైరైన రోజున వాడు నా ఫెర్రీ హారన్‌ను రికార్డు చేసి, ఆటలో పడవలన్నిటికీ పెట్టాడు, గుర్తుందా? అది వినాలని ఆశ పుట్టింది. నువ్వొచ్చేదాకా ఆగలేకపోయాను. తూరిడ్‌కు ఫోన్ చేస్తే, "సీసా సరిగా కుదరలేదేమో. తీసేసి కొత్తది పెట్టు, మేం పదిసార్లు చేస్తుంటాం" అంది. నాకు తెలిసిన పద్ధతే అది. మొరాయించిన ఇంజనును మొత్తం విప్పి మొదటినుంచి బిగించడమే కదా. తీసేశాను. కొత్తది పెట్టి, పెన్‌డ్రైవు నుంచి ఆటను మళ్ళీ ఎక్కించాను. ఆట మొదటి తెరమీది పడవ హారన్ మోగింది. పిల్లి బల్లకిందికి దూరింది, నేను చప్పట్లు కొట్టాను. అప్పుడు వాడి ఊరు తెరవబోతే జాబితా ఖాళీగా ఉంది. సేవ్ ఫైలు పాత సీసాలో ఉండిపోయింది, దానితోపాటే పోయింది.

తూరిడ్ పరుగున వచ్చింది. "పెన్‌డ్రైవులో ఇంకోటి ఉంటుందిగా?"

"లేదు. ఆ ఒక్క ఫైలును అందులోంచి తీసి ఇందులో పెట్టాను."

"తీసి పెట్టావా? కాపీ చెయ్యలేదూ? ఇదేమన్నా స్పానరా ఒడ్వార్!"

ఏ సామానైనా ఒక్కచోటే ఉండాలని వర్క్‌షాపులో అందరినీ, ఇంట్లో మిమ్మల్నీ వేధించినవాణ్ణి. ఆ అలవాటే వాడి ఊరిని మింగింది. ఫైలు తిరిగి తేవాలని తూరిడ్ రెండు రోజులు తంటాలు పడింది. చివరికి తల అడ్డంగా ఊపి, తప్పులో తనకూ వాటా ఉందంది. లేదు, ఆశపడింది నేను.

అసలు ఆట మాక్‌లో నడవనే లేదని నీకు రాద్దామనుకున్నాను. ఎవరైనా నమ్ముతారు, నువ్వూ నమ్మేదానివి. ఒక ఉత్తరం అలా రాశాను కూడా. సంతకం పెట్టబోతూ చించేశాను. ఆ అబద్ధం చెబితే పడవ సంగతి నీకెవరు చెబుతారు? దాన్ని చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

నువ్వు రావని వాడు అనుకోలేదు తల్లీ. నీ రేవులో పడవను ఆపి ఉంచాడు.

ఈస్టర్‌కి రా. కోపంతో వచ్చినా సరే, రా. ఎప్పటిలా ఈస్టర్ నారింజలు తెచ్చి పెడతాను. ఆట ఇప్పుడు చక్కగా నడుస్తోంది, నిండా నీళ్ళే, ఇంకా ఎవరూ ఏమీ కట్టలేదు.

ఇట్లు,
నిన్ను క్షమాపణ అడుగుతూ,
మీ ఇద్దరి నాన్న