నాయిన చెయ్యి కలిపిండు

మెదక్,
ఆదివారం.

అమ్మకు దేవిక దండం పెట్టి రాసేది. ఇక్కడ నేను, నాయిన మంచిగనే ఉన్నం. హైదరాబాద్‌ల నువ్వు, అక్క, చంటిది గూడ మంచిగున్నరనుకుంటున్న.

పచ్చడి డబ్బాల పెట్టి పంపిన నీ చీటీ నూనెల తడిసినా చదివిన. నాయిన మోకాలు నొప్పి తగ్గలేదు. దవాఖానకు పోదామంటే సార్ కారు నడుపుడుకే టైం సరిపోతలేదంటడు; నొప్పి ఆయనకా, కారుకా? చింతపండు పక్కింటి దుర్గమ్మత్తకు ఇచ్చిన. ఇగ ఆఖరుకు అడిగినవ్, "నాయినతోని ఎందుకు మాట్లాడుతలేవ్?" అని. ఫోన్ల చెప్పలేను. ఇక్కడ నాయిన పక్కనే ఉంటడు, అక్కడ నువ్వు స్పీకర్ పెట్టి బావకు గూడ వినిపిస్తవ్.

చెస్ పోటీ సంగతి నీకు తెల్సు. గెలిస్తే రాష్ట్ర పోటీకి పోవచ్చు. డిగ్రీ చేసి గోడలు చూస్తున్న నాకు బయటికి గదొక్కటే దారి. ఆఖరి ఆట ఎవరితోని పడ్డదో తెల్సా? నాయిన కారు నడిపే ఇంద్రకరణ్ సార్ కొడుకు రాకేష్‌తోని. ఆ కార్లనే ఇద్దరం పోయినం. వాడు వెనుక సీట్ల, నేను నాయిన పక్కన.

మొదట్లనే ఏనుగును పోగొట్టుకున్న. నా తప్పే. రాకేష్ కాలు మీద కాలేసుకొని, "ఇంకెంతసేపు దేవికా? ఆకలైతుంది," అన్నడు.

"తిని రా, నీ రాజును నేను చూసుకుంట," అన్న.

ఓడిపోయే ఆటల తొందరపడొద్దమ్మా. గెలుస్తున్నోనికే తొందర. వాడు నా బంట్లను తింటుంటే, నేను గుర్రాన్ని మెల్లగ వాని రాజు దగ్గరికి తెచ్చిన. వాడు చూసుకోకుండ మంత్రిని జరిపిండు. జరిపినంక చూసుకున్నడు. కాలు కిందికి దిగింది, మొహం తెల్లగయింది.

అప్పుడే నాయిన వానికి నీళ్ల బాటిల్ తెచ్చిండు. నాయినకు చెస్ రాదు. వాని మొహం చదువుడు వచ్చు, వాడు చిన్నగున్నప్పటి సంది కారు అద్దంల చూస్తుండు గద.

"లే బిడ్డా, చాలు. సార్ భోజనానికి ఎదురు చూస్తుండు."

నేను లేవలే. ఆట అయిపోతే చెయ్యి కలుపుతరని నాయినకు తెల్సు. వంగి, "గెలిచినవ్ బాబూ," అని రాకేష్‌ దిక్కు చెయ్యి చాపిండు. వాడు గబుక్కున పట్టుకున్నడు.

జడ్జి నా దిక్కు చూసిండు. "ఓడినట్టేనా అమ్మా?"

నాయిన చెయ్యి ఇంకా వాని చేతులనే ఉంది. "అవును సార్," అని సంతకం పెట్టిన.

వచ్చేటప్పుడు కార్ల నాయిన అడిగిండు, "నేను రాకుంటే గెలుస్తుంటివా బిడ్డా?"

"లేదు నాయినా. ఎట్లైనా ఓడిపోతుంటి."

వెనుక సీట్ల రాకేష్ కిటికీ దిక్కు తిరిగిండు. నాయిన మాత్రం హాయిగ నవ్విండు. ఇప్పుడు వాడకట్టంత గదే చెప్తుండు, మా బిడ్డ ఎట్లైనా ఓడేదేనని.

నీకొక్కదానికే చెప్తున్న. గుర్రం ఒక్క దుముకు దుమికితే రాజుకు చెక్, ఎనకనే వాని మంత్రి పోతుండె. ఆట నాదే. వానికి తెల్సు, నాకు తెల్సు. నాయినకు తెల్వొద్దు. తెలిసినా రేపు గదే కారు నడపాలె గద.

ఇంటికొచ్చినంక నాయిన అన్నం కలిపి, నా నోటికాడ ముద్ద పెట్టిండు. గదే చెయ్యి. తిన్ననమ్మా. అప్పటి సందే మాట వస్తలేదు.

ఇట్లు,
నీ చిన్నబిడ్డ
దేవిక