వాకిలి ఊడ్చాను, ముగ్గు వెయ్యలేదు

మహితా,

పాలు కాచి మూత పెట్టాను. మగ్గాల కరెంటు ఆపేశాను, మేం తిరిగొచ్చేదాకా ఎవరొచ్చి అడిగినా వెయ్యొద్దు. మధ్యాహ్నానికి వచ్చేస్తాం, మీ నాయనకు సంగటి బాగా మెత్తగా చెయ్యి. గొంతు ఆపరేషన్ అయినప్పటి నుంచి గట్టిది దిగడం లేదని నీకు ఎన్నిసార్లు చెప్పాలి?

నా ఫోను కావాలనే వదిలి పోతున్నాను. బియ్యం డబ్బాలో ఉంది. మీ నాయనకు పోయిన వారం తీసిన స్కాన్ రిపోర్టు ఈ పొద్దే దాంట్లోకి వస్తుంది. ఆయనకు మాత్రం బుధవారం వస్తుందని అబద్ధం చెప్పాను. తిరుపతిలో ఆ క్యాన్సర్ అవగాహన నడక మధ్యలో ఫోను మోగిందంటే, నేను చదివేలోగానే నా మొహం చూసి కనిపెట్టేస్తాడు.

జబ్బు తగ్గినవాళ్లకు ఇచ్చిన పసుపు టోపీ రాత్రి నుంచి తీయలేదు. "గెల్సినోళ్లు అందరికంటే ముందర నడవాలంట, సూడు" అని అద్దం ముందు నిలబడ్డాడు.

రిపోర్టు నువ్వే చూడు. వాకిలి ఊడ్చి నీళ్లు చల్లాను, ముగ్గు వెయ్యలేదు. అంతా బాగుంటే నువ్వు వెయ్యి. బాగాలేకుంటే ఖాళీగా వదిలెయ్. సందు మలుపులోనే నాకు తెలిసిపోతే, ఇల్లు చేరేలోగా మొహం సర్దుకుంటాను.

బయట నుంచి కేకేస్తున్నాడు, "యాడుండావు వనజా, బస్సు పోతాది!" అని.

అమ్మ

వద్దులే. రిపోర్టు ఎట్లా వచ్చినా ముగ్గు వెయ్యి, పెద్దదే వెయ్యి. నాకు ఆయన నిద్రపోయాక చెబుదువు. ఆ టోపీ పెట్టుకుని వచ్చే మనిషి బోసి వాకిలి తొక్కకూడదు.