ముందు ఊపిరి, తర్వాతే కదలిక

సుజాతా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఫిల్మ్ నగర్‌లో నువ్వు పిలాటిస్ వ్యాయామం నేర్పిన గదిని ఖాళీ చేద్దామనుకున్నాను. కాళ్లతో నెడితే స్ప్రింగుల మీద జారే నీ రిఫార్మర్ బల్ల కొనడానికి ఒక కొత్త హీరోయిన్ వచ్చింది, నిన్నెప్పుడూ చూడని పిల్ల. బల్ల మీద పడుకుని, కళ్లు మూసుకుని, కాళ్లతో నెట్టి చూసింది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

“అంకుల్, మీ మేడం భలే స్ట్రిక్టండీ!”

“ఏ మేడమమ్మా?”

“ఇప్పుడే కదా, పక్కటెముకల మీద చెయ్యేసి ఆపారు! ముందు ఊపిరి, తర్వాతే కదలిక అన్నారు. చెయ్యి మాత్రం ఐసులా ఉందండీ.”

గదిలో మేమిద్దరమే ఉన్నాం. అవి నీ మాటలే.

బల్ల అమ్మనని చెప్పి ఆమెను పంపేశాను. తలుపేసి, మొదటిసారి నేనే దాని మీద పడుకున్నాను. ఊపిరి బిగబట్టి, కావాలనే గబగబా, తప్పుగా నెట్టాను, నువ్వొచ్చి ఆపుతావని.