గుడ్డుసొన గోడ

మల్లేశం,

అన్నం ఉట్టి మీద పెట్టాను, తిను. తిన్నాక మన ముందుగది గోడకు పూయించిన ఆ అద్దంలాంటి సున్నపు గచ్చంతా గీకెయ్. అది పోయేదాకా అమ్మ ఈ గడప తొక్కదట. ఆమెను తీసుకుని మానవపాడు చిన్నమ్మ ఇంటికి పోతున్నాను.

దేవుని గూడు కూడా మెరిసేలా చేయించావని అమ్మ ఎంత మురిసిందో! రోజూ పూజయ్యాక ఆ నున్నటి గోడకు నుదురు ఆనించి మొక్కేది. పొద్దున మేస్త్రి తాపీ మరిచిపోయానని వస్తే, "సున్నంల ఏం కలిపినవ్ బిడ్డా, గింత మెరుస్తున్నది?" అని అడిగింది.

"కోడిగుడ్ల తెల్లసొన, అవ్వా. మల్లేశన్న చెప్పలేదా?" అన్నాడు.

మెడలో తులసిపూసల పేరు వేసుకుని, గుడ్డు కూడా ముట్టని మనిషి! అక్కడే కక్కుకుంది. బూడిదతో తోమి తోమి నుదురు పుండు చేసుకుంది. కరక్కాయ, బెల్లం అని ఆమెకు అబద్ధం ఎందుకు చెప్పావురా? ముసురు పట్టినప్పటి నుంచి ఆ గోడ నీచు కంపు కొడుతోంది. దొర ఉండే గడీలో చూసిన మెరుపు మన మగ్గం ఇంటికి దేనికి?

బండి వచ్చింది.

నీ అక్క, భూలక్ష్మి

నీ ముఖం చూడనంటూనే అమ్మ బండిలోంచి అరుస్తోంది: "ఉత్త చేతులతోని గీకొద్దని రాయవే. సున్నం వేళ్లను తింటది, రేపు మగ్గం మీద పోగు పట్టనియ్యదు."