మామా తివాచీకి కుచ్చులు

శుక్రవారం, బ్నీద్ అల్ గార్, కువైట్

ఎదురింట్లో పనిచేసే కడప రమణమ్మ పొద్దున ఏడుస్తూ వచ్చింది. వాళ్ల మామా, అంటే ఆ ఇంటి యజమానురాలి దగ్గర, ఇరాన్‌లో ఆమె తల్లి చేత్తో నేసిన తివాచీ ఒకటి ఉంది. దాని అంచు దారాలు చిక్కుపడుతున్నాయని, రమణమ్మ చీర కొంగుకు వేసినట్టు ఒక వైపంతా కుచ్చులు ముడి వేసేసిందట.

"మామా జూస్తే ఊరికి పంపించేస్తాదక్కా. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు."

వచ్చీరాని అరబీతో ఏం సర్దిచెప్పగలనని జంకుతూనే వెళ్లాను. నేను నోరు తెరిచేలోపే మామా కింద కూర్చుని కుచ్చులు ఒక్కొక్కటీ తడిమి చూసింది.

"మా అమ్మ ఉంటే తిట్టేది. నాకు మాత్రం నచ్చాయి. ఖలాస్, ఇక చాలు, ఏడవకు! రెండో వైపు ఎవరు వేస్తారు, నేనా?" అని నవ్వింది.

ఆమె కోప్పడి ఉంటే రమణమ్మ కోసం గట్టిగా నిలబడేదాన్నా? ఏమో... అంతదాకా రానివ్వనందుకు మామాకు దండం.