దండేసిన ఫోటో ఎవరు పంపారు

శంషాబాద్,
19-11-2025, బుధవారం.

పూజ్యులైన నాగమణి వదినగారికి మీ మరదలు భారతమ్మ నమస్కారం. ఇక్కడ మేమందరం క్షేమం. మీ తమ్ముడు మరీ క్షేమం, ఇప్పుడే రెండు ఇడ్లీలు తిని పేపరు చదువుకుంటున్నారు. ఆ మాట ముందే రాసేస్తే మీరు నిదానంగా చదువుతారని రాశాను. బడంగ్‌పేట్‌లో మీరంతా బాగున్నారని తలుస్తాను.

మీ తమ్ముడు ఎన్నిసార్లు చేసినా మీరు ఫోను ఎత్తడం లేదు. నిన్న మీ తమ్ముడు మీ గేటుదాకా వచ్చి పిలిస్తే పడుకున్నారని చెప్పించారట. పగలు పడుకునే అలవాటు మీకు లేదు కదా, ఒంట్లో బాగా లేదేమోనని నాకు అదొక దిగులు. అందుకే ఈ ఉత్తరం. మా కింద వాటాలో ఉండే ఇస్మత్ రేపు వాళ్ళ చెల్లెలిని చూడ్డానికి మీ వైపు వస్తోంది. ఆవిడ చేతికిచ్చి పంపుతాను. నా చదువు నాలుగో తరగతితో ఆగింది, తప్పులుంటే సర్దుకోండి. మధ్యలో మాత్రం చింపెయ్యకండి. ఆదివారం జరిగిన దాంట్లో మీకు తెలిసింది సగమే.

ఇస్మత్ కొడుకు యాసిర్ ఎయిర్‌పోర్టులో సామాన్ల దగ్గర ఉద్యోగం చేస్తాడు. నాటకాలంటే ప్రాణం. కాలనీలో పాడగలిగిన వాళ్ళందరినీ పోగేసి, ఆరాంఘర్ రోడ్డులో ఉన్న చిన్న నాటకాల హాల్లో పాటల నాటకం వేయించాడు. అందులో హత్య జరుగుతుందట, అయినా జనం నవ్వాలట. మనిషి చచ్చిపోతే నవ్వేదేమిటని నేను అడిగాను. చూస్తే తెలుస్తుందన్నాడు.

కథ ఏమిటంటే, ఒక ఇంటి ఓనరు చాయ్ తాగి చచ్చిపోతాడు. కిరాయికున్న వాళ్ళలో విషం కలిపిందెవరో ఆడపోలీసు కనిపెట్టాలి. ఆ పోలీసు మన మనవరాలు సంయుక్త. నాయనమ్మ చేత ఒక్క నిజం చెప్పించలేని పిల్ల దొంగల్ని పడుతుందట. చచ్చిపోయిన ఓనరు మీ తమ్ముడు. దుప్పటి కింద పడుకుని ఉంటారు, ఎవరూ చూడనప్పుడు లేచి తన మీద కుట్ర చేసిన వాళ్ళ గురించి ఒక పాట పాడి మళ్ళీ పడుకుంటారు. గుండెకి స్టెంటు వేసి ఏడాది కాలేదు, పాటలేమిటని నేను ఏడ్చాను. పాడితే మంచిదేనన్నాడు డాక్టరు. ఆయనకేం, చెప్పేసి ఇంటికి వెళ్ళిపోతాడు.

అసలు భయం నాకు నాటకం రోజున పట్టుకుంది. స్టేజీ మీద మీ తమ్ముడి ఫోటో పెట్టారు, రిటైరైన రోజున తీసినది. దానికి చామంతిపూల దండ వేసి, ముందు దీపం పెట్టారు. కార్తీకమాసం, ఆదివారం, బతికున్న మనిషి. యాసిర్‌ని పట్టుకుని ఆ దండ తీసెయ్యమన్నాను.

"దండ లేకుంటే పెద్దాయన సచ్చిండని జనానికెట్ల తెలుస్తదమ్మా? జర పరేషాన్ గాకు" అన్నాడు.

వాడు అటు తిరగగానే ఫోటో వెనకాల ఒక నిమ్మకాయ పెట్టి వచ్చి కూర్చున్నాను.

నిజం చెబుతున్నాను వదినా, నాటకం మొదలయ్యాక నా భయం ఎటు పోయిందో తెలీదు. విమానం పైనించి వెళ్ళినప్పుడల్లా మాటలు వినబడవు కదా, అందుకని వాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ నోళ్ళు తెరిచి బొమ్మల్లా నిలబడిపోతారు. చాయ్ పోస్తున్న వాళ్ళు కప్పు ఎత్తి అలాగే ఉంటారు. విమానం పోగానే ఆగిన మాట దగ్గరే అందుకుంటారు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. నాకు మాత్రం చంపిందెవరా అన్న ధ్యాసే. వాస్తు చెప్పేవాడు ఊరికే వంటింటి వైపు చూస్తున్నాడు. వంటమనిషి పాటలో పంచదార డబ్బా సంగతి రెండుసార్లు వచ్చింది. ఎందుకు రావాలి? మీరు పక్కనుంటే అడిగేదాన్ని.

ఆ పాట తరువాతే మళ్ళీ విమానం వచ్చింది. అందరూ బొమ్మలైపోయారు. విమానం పోయింది, ఎవరూ ఇంకా నోరు విప్పలేదు, అప్పుడు వెనకనుంచి మీ గొంతు వినిపించింది.

"తమ్ముడూ, నన్ను వదిలేసి పోయావురా."

మీరు చెప్పులు లేకుండా పరిగెత్తుకుంటూ వచ్చారు. జనం ఇదీ నాటకమే అనుకున్నారు. చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు. మీ తమ్ముడు దుప్పటి తీసి లేచి కూర్చుంటే ఇంకా గట్టిగా నవ్వారు. మీరు స్టేజీ ఎక్కి ఆయన మొహం రెండు చేతులా తడిమారు. చేతులకి అంటిన పౌడరు చూసుకున్నారు. తరువాత జనం వైపు చూశారు. ఆ చూపు నేను మర్చిపోలేను. స్టేజీ దిగి వెళ్ళిపోయారు. నేను లేచి వచ్చేసరికి మీ ఆటో కదిలిపోయింది.

మీ ఏడుపుకి ఊరంతా నవ్విందన్నదే మీ కోపం. అది న్యాయమే. కానీ మీరు వెళ్ళాక జరిగింది వినండి. మీ తమ్ముడు స్టేజీ అంచున కూర్చుని, ఆవిడ మా అక్క, అమ్మ పోయాక నన్ను పెంచిన మనిషి అని చెప్పి ఏడ్చేశారు. నా ముందు వరసలో ఈల వేసినాయన తల వంచుకుని కూర్చున్నాడు. యాసిర్ తెర దించేశాడు. చంపిందెవరో ఎవరికీ తెలీకుండానే ఇళ్ళకి పోయాం.

మీరు ముందు మా ఇంటికి వెళ్తే తాళం ఉందనీ, ఎదురింటి శివయ్య "పెద్దాయనను పొద్దుగాలనే తీస్కపోయిన్రు, అందరు హాలు కాడనే ఉన్నరు" అన్నాడనీ తరువాత తెలిసింది. పాపం, వాడు ఉన్నమాటే చెప్పాడు.

ఇక ఆ ఫోటో సంగతి. దండేసిన ఫోటో చుట్టాల గ్రూపులో వచ్చిందని జల్‌పల్లి రామచంద్రయ్య బాబాయి ఆ ఆదివారమే మీకు ఫోను చేశారట. ఎవరు పంపారని నేను ఆయన్ని అడిగితే మీ ఇంటినుంచే వచ్చింది, కింద దణ్ణం పెట్టే చేతుల బొమ్మ కూడా ఉందన్నారు. అదేమిటో తేల్చాలని మూడు రోజులుగా తిరుగుతున్నాను. మీ తమ్ముడిది బటన్ల ఫోను, ఫోటోలు పోవు. సంయుక్తని అడిగితే నవ్వి పక్కకి తిరిగింది. ఆ నవ్వు మీద నాకు అనుమానంగా ఉంది. నేను మాత్రం ఆదివారం నుంచీ, పరామర్శలకి జవాబు చెప్పలేక, నా ఫోను కట్టేసి బీరువాలో పెట్టాను.

వచ్చే ఆదివారం సాయంత్రం నాటకం మళ్ళీ మొదటినుంచి వేస్తారు. అక్క నాతో మాట్లాడేదాకా స్టేజీ ఎక్కనని మీ తమ్ముడు పట్టుబట్టారు. ఆయన లేకపోతే ఇంకెవరూ ఆ పాట పాడలేరని యాసిర్ గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఆయన మూడు రోజులుగా స్నానాల గదిలో కూడా పాడటం లేదు వదినా. నేను ఎప్పుడూ ఆ పాట ఆపమనేదాన్ని. ఇప్పుడు ఆ నిశ్శబ్దం వింటే భయమేస్తోంది.

మీ తమ్ముడి ఫోనుకే ఒక్కసారి చెయ్యండి. తిట్టడానికైనా సరే.

ఇట్లు
మీ మాట కోసం చూస్తున్న మరదలు,
భారతమ్మ

తా.క. గురువారం పొద్దున. కవరు అంటించబోతూ సంయుక్తని నిలబెట్టి గట్టిగా అడిగాను. అది బీరువాలోంచి నా ఫోను తీసి, తెరిచి నా చేతిలో పెట్టింది. ఫోటో పోయింది నా ఫోనులోంచే. దోషమేమో మిమ్మల్ని అడుగుదామని తీసి, మీ అబ్బాయి ఫోనుకి పంపుతున్నాననుకుని గ్రూపులో వేశాను. ఆ చేతుల బొమ్మ నేను అన్నిటికీ నొక్కేదే. తెలిసీ ఎందుకు చెప్పలేదే అంటే, "నీకు తెలిస్తే అన్నం మానేస్తావు నాయనమ్మా, పోలీసు చివర్లోనే చెప్పాలి" అంది.

ఫోటోతో పాటు నోటితో చెప్పి పంపాననుకున్న మాట మాత్రం పోనే లేదట. అది ఇక్కడ రాస్తున్నాను. వదినా, బతికున్న మనిషి ఫోటోకి దండేశారు, నాకు భయంగా ఉంది, మీరు పక్కనుంటే బాగుండును అన్నాను.

ఆ మాట అందకుండానే మీరు చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చేశారు. ఆదివారం చెప్పులు వేసుకుని రండి. ముందు నన్ను నోరారా తిట్టండి. తరువాత పక్కపక్కన కూర్చుని ఆ వంటమనిషి సంగతేమిటో చూద్దాం.