మిరప కల్లంలో మండని పుండు

ఒంగోలు,
2025 మార్చి 3.

ప్రభువునందు ప్రియమైన నా కుమార్తె మహిమకు,

నీ నాన్న జక్రయ్య నిండు మనసుతో పంపే వందనాలు. ఇక్కడ నేను క్షేమం. గుంటూరులో నువ్వూ, నీ స్నేహితురాలు శ్రీరమ్యా, మీ ల్యాబులో గాజు పళ్ళేలూ క్షేమమని నమ్ముతున్నాను.

ఫోనుండగా ఉత్తరమేమిటంటావు. ఫోనులో నేను నోరు తెరిస్తే ప్రసంగమైపోతుందని నువ్వే అన్నావు. పైగా మన ఇంట్లో ఫోనంటే స్పీకరే, మీ అమ్మ పక్కన చేరి మధ్యలో అందుకుంటుంది. ఈ సంగతి అడ్డు లేకుండా చివరిదాకా చెప్పాలి. పౌలుగారు కూడా చెరసాలలో కూర్చుని ఉత్తరాలే రాశారు. నేను ఆస్పత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. మన సంఘంలో ఒక సహోదరికి సాయంగా వచ్చాను.

ముందు మీ ల్యాబు సంగతి రాయాలి. క్రిస్మస్ వెళ్ళాక వచ్చి చూసిన ఆ రోజు నా కళ్ళలోంచి ఇంకా పోలేదు. గట్ల మీద కొడవలి తెగితే మనం నలిపి పిండుకునే గడ్డి చేమంతి ఆకు, నీ బల్ల మీద గాజు గ్లాసులో ఉడికి కషాయమై కూర్చుంది. అందులో జింకు ఉప్పు కలిపిన నీళ్ళు పోశావు. చెయ్యి పెట్టేవాళ్ళు లేకుండానే అడుగున చిన్న అయస్కాంతం గిరగిరా తిరిగింది. చూస్తుండగానే రంగు పాలిపోయి చిక్కబడింది. దాన్నే ఆరబెట్టి, కొలిమిలో కాల్చి ముందే ఉంచిన పొడి చూపించావు. మొహానికి రాసుకునే పౌడరంత తెల్లగా ఉంది. వెంట్రుకని నిలువునా వెయ్యి పాయలు చీలిస్తే అందులో ఒక్క పాయంత మందం కూడా ఉండదు నాన్నా ఒక్కో రేణువు అన్నావు. మంటి రేణువుల్ని లెక్కపెట్టగలిగితే నీ సంతానాన్నీ లెక్కపెట్టొచ్చని దేవుడు అబ్రాహాముతో అన్నాడని యాభై సార్లు ప్రసంగించినవాణ్ణి, ఆ మాట బరువు నాకు అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత పళ్ళెం. క్రిములు మబ్బులా కమ్ముకుని ఉన్నాయి, మధ్యమధ్య బొత్తాలంత గుంటలు. ఉత్త ఆకురసం పోసిన గుంట అంచుదాకా మబ్బు వచ్చి నిలబడింది. నీ పొడి వేసిన గుంట చుట్టూ మాత్రం గుండ్రంగా, తేటగా, ఒక్క క్రిమి లేకుండా ఖాళీ. ఎర్ర సముద్రం నీ అరచేతిలో పాయలైంది. ఇది పరిశుద్ధ స్థలమని నేను చెప్పులు విప్పేశాను. శ్రీరమ్య కంగారుపడి, వేసుకోండి అంకుల్, కింద యాసిడ్ పడుద్ది, కాళ్ళు కాల్తాయి అంది. మండే పొద ముందు చెప్పులు విప్పిన మోషే పక్కన ఆ పిల్ల లేదు గనక సరిపోయింది.

బస్సు ఎక్కించేటప్పుడు నువ్వొక మాట చెప్పావు. ఇది పళ్ళెంలో పనిచేసింది నాన్నా, మనిషి ఒంట్లో ఏం చేస్తదో ఇంకా తెలీదు, ఎక్కువైతే మంచి కణాల్ని కూడా చంపుద్ది, ఇంకా ఏళ్ళు పడుద్ది, మైకులో మాత్రం చెప్పమాక అన్నావు.

మైకులో చెప్పాను తల్లీ. రాజైన హిజ్కియా పుండు మీద అంజూరపు ముద్ద పెట్టమన్న యెషయాతో మొదలుపెట్టాను. ఆకులు స్వస్థతకే పుట్టాయన్న యెహెజ్కేలు దర్శనం దగ్గర గొంతు లేచింది. గడ్డి చేమంతీ జింకూ కలిస్తే పుండులో పురుగు చావాల్సిందే అని బల్ల గుద్దాను. ‘ఇంకా తెలీదు’ అన్న నీ మాట మాత్రం మింగేశాను. ఆమెన్లు మోగుతుంటే ఆ మాట ఎక్కడ ఇరికించను?

ఇప్పుడు ఆ సహోదరి సంగతి. షుగరు మనిషి. మిరపలో తాలు కాయలు ఏరే పనికి పోతుంది. కాలి చిటికెన వేలి దగ్గర పుండు లేచింది. దానితోనే మిరప కల్లంలో తిరిగింది. కారం కాలికి తగిలితే మంచి చర్మమే మండుతుంది గదా, ఈమెకి పుండులో కూడా మండలేదు. ఆరాధనలో లేచి, ప్రభువు నా మంట తీసేశాడు అని సాక్ష్యం చెప్పింది. సంఘమంతా చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే.

పైన రాసిన ప్రసంగం ఆ తర్వాతి వారం. అది విని ఆమె ఇంటికిపోయి గడ్డి చేమంతి ఉడకబెట్టింది. మరి జింకు? మన పల్లెల్లో జింకంటే ఒక్కటే గదా, నారుమళ్ళలో చల్లే ఎరువు. ఎరువుల కొట్లో యలమందయ్యని అడిగితే, ఏ మడికమ్మా అని ఆయన అడిగాడట, దేవుడి మడికిలే బాబాయ్ అందట. ఆయన నవ్వి పొట్లం కట్టాడు. ఆ రసంలో ఆ ఎరువు కలిపి, ప్రార్థన చేసి, పుండుకి పూసి గుడ్డ చుట్టింది. అది లోపల్లోపల మాంసాన్ని తింటుంటే ఆమెకి చీమ కుట్టినట్టు కూడా లేదు. మంట లేదు గనక పనిచేస్తోందనుకుని రోజూ పూసింది. వాసన వచ్చాక గాని ఈ పూత సంగతి ఆమె మొగుడికి తెలియలేదు. ఒకే కంచంలో తినేవాడివి, ఊళ్ళో వాళ్ళ పాపాలన్నీ కనిపిస్తాయి గాని ఇంట్లో కాలు కనపడలేదా నీకు అని ఆ మనిషికి నేను పెట్టిన చీవాట్లు మామూలువి కావు.

ఇక్కడి డాక్టరు చైతన్యకృష్ణగారు కట్టు విప్పి కాలు తిప్పి చూశారు. మండకపోవడమే జబ్బమ్మా, నరాలు చచ్చిపోయాయి, మంటే నీ కాలికి కాపలా అన్నారు. అంటే నేను చప్పట్లు కొట్టింది కాపలావాడు చచ్చినందుకా? కాలు ఉంటుందో, మోకాలి దాకా తీయాలో ఇప్పుడే చెప్పలేనన్నారు. ముందు ఏ క్రిమి పట్టిందో, అది ఏ మందుకి లోబడుతుందో తెలియాలి అని పుండులోంచి దూదిపుల్లతో తీసి పంపారు.

ఇక్కడి ల్యాబులో నస్రత్ అనే అమ్మాయి పనిచేస్తోంది. మా అమ్మాయీ ఆకులు ఉడకబెట్టి ఇలాంటి పనే చేస్తుంది, చూపించమ్మా అని రెండు రోజులు ఆ గుమ్మం వదల్లేదు. తాతా, ఇదేమన్నా సినిమానా అని విసుక్కుని చివరికి కిటికీ అద్దంలోంచి చూపించింది. మహిమా, అది నీ పళ్ళెమే! అదే మబ్బు. పైన రకరకాల మందులు తడిపిన కాగితపు బిళ్ళలు పెట్టారు. ఒక్కో బిళ్ళ దగ్గరికి మబ్బు ధీమాగా వచ్చేసింది. కర్మెలు కొండ మీద అబద్ధ ప్రవక్తలు పొద్దుటినించి కేకలు వేసినా అగ్ని దిగనట్టే. ఒక్క బిళ్ళ చుట్టూ మాత్రం తేటగా వలయం. ఆ ఒక్క మందే ఇప్పుడు ఆమె నరంలోకి బొట్టుబొట్టుగా దిగుతోంది.

చిటికెన వేలు పోయింది. పాదం నిలిచింది. ఇవాళ పొద్దున డాక్టరుగారే చెప్పారు.

ఈ ఒక్కదానికి కూడా క్రిమి లొంగని రోజు వస్తే ఏం చేస్తారమ్మా అని నస్రత్‌ని అడిగాను. అందుకే గదా తాతా మీ అమ్మాయిలాంటోళ్ళు ఆకులు ఉడకబెట్టేది అంది.

ఈ వరండాలో బైబిలు తిరగేస్తుంటే ఒక సంగతి తగిలింది. మోషే చేసిన ఇత్తడి సర్పం ఒకప్పుడు పాము కరిచినవాళ్ళని నిజంగానే బతికించింది. తర్వాత జనం దానికే ధూపం వేస్తుంటే ఒక రాజు దాన్ని ముక్కలు చేశాడు. ఎవరా రాజు? హిజ్కియాయే. ముద్ద పెట్టించుకుని బతికినవాడూ, సర్పాన్ని పగలగొట్టినవాడూ ఒక్కడే. ఇన్నేళ్ళు ఆ రెంటినీ వేరువేరు ఆదివారాల్లో చెప్పాను గాని కలిపి చూడలేదు. నీ పళ్ళెంలో నేను చూసింది నిజం. నా మైకు దాన్ని సర్పం చేసింది. వచ్చే ఆదివారం అదే మైకులో పగలగొడతాను. ఎరువు పొట్లం చేత్తో పట్టుకుని నిలబడి చెబుతాను.

నువ్వు మాత్రం ఆపవద్దు. రేణువులో ఆయన ఏం దాచాడో వెతుకు. వెతికేవాడి మీద ఆయనకి కోపం లేదు.

నిన్ను తలచుకోకుండా మోకాళ్ళ మీదనుంచి లేవని
నీ నాన్న,
జక్రయ్య

తా.క. తల్లీ, నిలబడి చదువుతుంటే కూర్చో. ఆ సహోదరి మీ అమ్మే. నేను చీవాట్లు పెట్టిన మొగుడు రోజూ ఆస్పత్రి అద్దంలో నాకు ఎదురుపడుతున్నాడు. నీ చదువు చెడుతుందని, కాలు గండం దాటేదాకా మీ అమ్మ నీకు చెప్పనివ్వలేదు. ఇప్పుడు కూడా, రాయి గాని భయపెట్టమాకయ్యా అంటోంది. నీకొక కబురు పంపింది. ఆ క్రిముల్ని నస్రత్ వేరే పళ్ళెంలో దాచి ఉంచింది. డాక్టరుగారినీ మీ ల్యాబు మేడంగారినీ అడిగి, పద్ధతి ప్రకారం తీసుకుపోయి నీ పొడి ఎదట పెట్టమంటోంది. నా కాల్లోవే గదా, ఇంట్లో ఉండగా బయట వెతుక్కోడం దేనికి అంది. వలయం వస్తే వచ్చిందని రాయి, రాకపోతే రాలేదని రాయి. నువ్వు రాసింది రాసినట్టు, ఒక్క మాట మింగకుండా, సంఘంలో చదువుతాను.